కడుపుమంటకు మూలం కోపమేనట!

కడుపులో క్రిమి ఉందని డాక్టరుకు తట్టకపోవడం రోగి దురదృష్టం అనుకుంటున్నారా? ఎంత అమాయకులండీ మీరు! అది వరం. మా ఇంట్లో ఇన్నేళ్లు శాంతి వెల్లివిరిసింది ఆ వరం వల్లే.

మా అక్క టైలరు. వీధి మలుపులో చిన్న షాపు, ఒక మిషను, చేతిలో కత్తెర, ముక్కు మీద కోపం. కొలతలిచ్చి వెళ్లి, లావెక్కి వచ్చి "బిగుతుగా కుట్టారేంటి?" అన్నవాడికి అక్క ఇచ్చే జవాబు వీధి చివరిదాకా వినపడేది. ఇంట్లో మా బావ తడి టవలు మంచం మీద పడేస్తే ఇక చెప్పక్కర్లేదు.

అలాంటి అక్కకు పొట్ట పైభాగంలో మంట మొదలైంది. తింటే కాస్త నయం, కాసేపటికి మళ్లీ మంట.

మా ఫ్యామిలీ డాక్టరు గారికి టైమ్ వేస్ట్ చేయడం గిట్టదు. పేషెంటు స్టూలు మీద సర్దుకుని కూర్చునేలోపే రోగం చెప్పేస్తారు.

"గ్యాసమ్మా! నీకు కోపం ఎక్కువ. అది తగ్గించుకో, మంట దానంతటదే తగ్గుతుంది" అని రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర రాసిచ్చారు. పొట్ట మీద చెయ్యేసి చూశారా అంటారా? ఎందుకండీ, ముఖం చూస్తే తెలియడం లేదూ!

ఆ రోజు నుంచి అక్క కోపం మానేసింది. తడి టవలు కనిపిస్తే తనే తీసి ఆరేసేది. కుట్టిన చొక్కాను కస్టమర్లు విప్పించి మళ్లీ కుట్టించుకున్నా నోరెత్తేది కాదు. నేను అక్క గొడుగు పోగొట్టినా ఒక్క తిట్టు పడలేదు! ఏ మెడిటేషన్ క్లాసు సాధించగలదండీ ఈ మార్పు?

ఇక మంట పెరిగినప్పుడల్లా మేమే డాక్టర్లం.

"ఎవరి మీద కోప్పడ్డావు?" అనేవాడు బావ.

"ఎవరి మీదా లేదండీ."

"అయితే మనసులో పెట్టుకునుంటావు."

చూశారా? ఎటు తిరిగినా తప్పు అక్కదే. ఇంత సుఖమైన వైద్యం ఇంకెక్కడుంది!

అంతలో మా సుఖానికి గండం వచ్చిపడింది. కడుపులో పుండ్లు చేసే హెచ్.పైలోరి అనే బాక్టీరియా మీద డాక్టర్లకు అవగాహన కల్పించే సెమినారట. మా డాక్టరు గారు వెళ్లొచ్చారు. ఏసీ బ్రహ్మాండమట, లంచ్ అమోఘమట. లంచ్ తర్వాత చెప్పిందే సరిగ్గా గుర్తులేదట. పాపం, కళ్లు మూతలు పడ్డాయి మరి! అయినా వచ్చీ రాగానే ఉత్సాహంగా అక్కకు ఆ క్రిమి పరీక్ష రాశారు.

"పరీక్షకి ముందు మాత్ర ఆపాలా డాక్టరు గారూ?" అని అక్క అడిగింది.

"ఆపితే మంట రాదూ? వేసుకుంటూనే వెళ్లు."

వెళ్లింది. క్రిమి లేదని వచ్చింది. "నేను చెప్పలేదూ, కోపమేనని!" అన్నారాయన. మేమూ హమ్మయ్య అనుకున్నాం.

పోయిన వారం అక్క షాపులో రక్తం కక్కుకుని మిషను మీదికి ఒరిగిపోయింది. పెద్దాసుపత్రిలో నోట్లోంచి గొట్టం వేసి చూస్తే పుండు. అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే అదే క్రిమి.

అక్కడి డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఆ మాత్ర వాడుతూ పరీక్ష చేయించారా? మాత్ర పనిచేస్తున్నంతకాలం క్రిమి పరీక్షకి చిక్కకపోవచ్చు. కనీసం రెండు వారాల ముందు ఆపాలండీ. అప్పుడే దొరికుంటే ఇంతదాకా వచ్చేది కాదు. యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తిగా వాడితే దాదాపు అందరికీ పోతుంది. పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేస్తాం. అంతే!"

అంతే! ఆ "అంతే" దగ్గర నాకు ఏడుపొచ్చింది.

మంచం మీద తెల్లగా పాలిపోయి పడుకున్న అక్క మెల్లగా అడిగింది. "అయితే నా కోపం వల్ల కాదా డాక్టరమ్మా?"

"కోపం వల్ల కాదమ్మా. మీరెంత కోప్పడినా ఆ క్రిమికి పట్టదు."

అక్క కాసేపు కళ్లు మూసుకుంది. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్లాను.

"ఒరేయ్" అంది కళ్లు తెరవకుండానే. "మీ బావను పిలువు. నువ్వూ ఎక్కడికీ కదలకు. మన డాక్టరు గారికి ఫోన్ చేసి ఒకసారి వచ్చి వెళ్లమను. ఇన్నేళ్లూ మింగింది చాలా ఉంది. ఆయనతోనే మొదలుపెడతాను."