కుందూ గట్టున ఫోటోకు పట్టని కానుగ

మొక్కకు కావలసింది నీళ్లు అనుకునే అమాయకులు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. మొక్కకు కావలసింది ఫోటో! సందేహముంటే ప్రొద్దుటూరు అనంతకృష్ణ గారిని అడగండి.

గుమాస్తాగా రిటైరైన ఆయన ఇప్పుడు ఏటి పరిరక్షణ సంఘంలో మానిటరింగ్ కార్యదర్శి. కుందూ గట్టు వరదలకు కోసుకుపోకుండా సంఘం వారు కానుగ మొక్కలు నాటారు. నెలనెలా ప్రతి గుంత దగ్గరా మొక్కను మొదలు నుంచి చిగురు దాకా ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. పచ్చ టిక్కు పడితే మొక్క బతికినట్టు. పడకపోతే గుంత ఖాళీ చేసి కొత్తది నాటాలి.

ఎండలకు మొక్కలు మాడిపోతే? అదేం ప్రశ్న! జీపులో నర్సరీ సంచితో పచ్చటి మొక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పొద్దున రాజుపాలెంలో, మధ్యాహ్నం ప్రొద్దుటూరులో, సాయంత్రం ఆ దిగువ ఊళ్లో, ఎండిన ప్రతి గుంతలోనూ అదే కూర్చుని ఫోటో దిగుతుంది. తాగేది బాటిల్ నీళ్లు. మూడు ఊళ్ల పచ్చదనాన్ని ఒక్కటే మోస్తున్న ఆ మొక్కకు శాలువా కప్పొద్దూ?

ఇంత చక్కటి ఏర్పాటును రాజుపాలెం వెంకటరమణమ్మ పాడుచేసింది. గట్టు తెగితే తన శనగచేను ఏట్లో కలుస్తుందన్న స్వార్థంతో, చేని పక్కనున్న మొక్కకు బిందెలతో నీళ్లు పోసింది. అది కాస్తా చెట్టయి కూర్చుంది! ఫోన్‌లో మొదలు పడితే చిగురు పడదు, చిగురు పడితే మొదలు పడదు. 'మొక్క లేదు' అని తేల్చేసింది యాప్. పోనీ సంచి మొక్కను పెడదామా అంటే గుంతలో చెట్టు అడ్డం.

అనంతకృష్ణ గారికి నిజంగానే జాలేసింది. "తల కొట్టేస్తే ఫోటోలో పడతాదమ్మా. లేకుంటే పీకేయల్ల. రూలు అట్లుంది," అన్నారు మెల్లగా.

వెంకటరమణమ్మ చెట్టుకు ఆనుకుని నిలబడింది. "దీన్ని కొడితే నా చేను పోతాది సామీ. మీరే రోంత ఎనక్కి జరగండి, అంతా పడతాది."

న్యాయంగానే తోచింది. ఆయన ఫోన్‌లోకి చూసుకుంటూ ఒక అడుగు వెనక్కి వేశారు. మరో అడుగు వేశారు. ఇక ఫోటోలో పడాల్సింది చిగురొక్కటే. ఇంకో అడుగుకు చెప్పు కింద మట్టి జారింది. చేతికందిన కానుగ కొమ్మ పట్టుకుని వెనక్కి తిరిగి చూశారు. కింద కుందూ పారుతోంది.

పోయిన వారం వరదకు ఆ చెట్టు దాటాక గట్టంతా తెగి ఏట్లో పడింది. దాని మీద నాటిన మొక్కలన్నీ మాత్రం యాప్‌లో క్షేమంగా బతికే ఉన్నాయి.