లిఫ్టు చాలా బాగుంది, మెట్లెక్కి రండి

చెడిపోయిన వస్తువును బాగుచేయించడం మోటు పద్ధతి. స్పానర్లు, జిడ్డు, చెమట! నాగరికత తెలిసినవాళ్ళు ఆ పని చేయరు. చెడిపోయిన వస్తువు గురించి చక్కగా మాట్లాడతారు. ఆ మాట్లాడే విద్యను రెండేళ్ళు తరగతిలో కూర్చోబెట్టి నేర్పుతారనీ, చివర్లో పట్టా కూడా చేతికిస్తారనీ మీలో ఎంతమందికి తెలుసు? స్ట్రాటజిక్ కమ్యూనికేషన్ అండ్ మీడియాలో పీజీ అంటారు దాన్ని. మా అమ్మాయి చదివింది. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు మీరు. అనండి. ఆ పిల్ల ఈ కోర్సులో చేరకముందు మా ఇల్లు ఎలా ఉండేదో మీకేం తెలుసు? పాలు విరిగితే విరిగాయి అనేవాళ్ళం. గ్లాసు పగిలితే ఎవరు పగలగొట్టారని అడిగేవాళ్ళం. నేను ఆలస్యంగా ఇల్లు చేరితే మా ఆవిడ "ఎక్కడ తిరిగొస్తున్నారు?" అని మొహం మీదే అడిగేది. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మొదటి సెమిస్టరు అయ్యేసరికి ఇంటి రూపే మారిపోయింది. పాలు విరగడం మానేశాయి, తమ తర్వాతి దశలోకి వెళ్ళడం మొదలుపెట్టాయి. గ్లాసు పగిలితే, గ్లాసుల సంఖ్యను మన అవసరాలకు తగ్గట్టు సవరించుకున్నాం అని ప్రకటన వెలువడింది. మేము మనుషులం కామనీ, స్టేక్‌హోల్డర్లమనీ తెలిసింది. అందులో మా ఆవిడ ప్రైమరీ, నేను సెకండరీ. పెళ్ళయిన నాటి నుంచీ నాకు తెలిసిన సంగతే ఇది. అయినా చదువుకున్నవాళ్ళ నోట వింటే ఆ గౌరవం వేరు.

నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు పెద్దలు. ఊరి సంగతి నాకు తెలియదు, మా బిల్డింగు సంగతి చెబుతాను.

మాది ఐదంతస్తుల బిల్డింగు. మేముండేది ఐదో అంతస్తు. లిఫ్టు ఒక్కటే. మొన్నామధ్య మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి తెచ్చి, లిఫ్టులో జాగ్రత్తగా పైకి చేర్చాను. నాలుగో రోజున ఆ లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఎటూ కాకుండా ఆగిపోయింది. లోపల ఎవరూ లేకపోవడం ఒక్కటే అదృష్టం. "ఇంట్లో ఎంతసేపైనా నడవండి, మెట్ల జోలికి మాత్రం రెండు నెలలు పోవద్దు" అని డాక్టరు గారు ముందే చెప్పి ఉన్నారు.

సరిగ్గా నలభై మూడు రోజుల్లో మా అమ్మాయి పట్టా పుచ్చుకునే సభ. ముందు వరుసలో కూర్చుని దాన్ని కళ్ళారా చూడాలి, అదొక్కటే మా ఆవిడ కోరిక. తను చదువు సగంలో ఆపేసిన మనిషి. ఆపరేషన్‌కి ముందే ఆ రోజు కోసమని మెత్తటి చెప్పులు కొని దాచుకుంది. రోజూ డబ్బాలోంచి తీసి వేసుకుని, వంటింటి నుంచి బాల్కనీ దాకా నడక ప్రాక్టీసు చేసేది.

లిఫ్టు ఆగిన మర్నాడే మెకానిక్ వచ్చాడు. చూశాడు. "పార్టు పోయిందండి. తెప్పించాలి, మూడు వారాలు పట్టొచ్చు. రాగానే వచ్చి వేసేస్తాను" అని వెళ్ళిపోయాడు. ఎంత పొడి మాటలో చూడండి! అందులో ఒక భావం ఉందా? ఒక విజన్ ఉందా?

ఆ సమయానికి మా అమ్మాయికి ఆఖరి సెమిస్టరు లైవ్ ప్రాజెక్టు కావలసి వచ్చింది. ఏదో ఒక క్రైసిస్ తీసుకుని, దాన్ని కమ్యూనికేషన్‌తో ఎదుర్కొని, ఫలితం లెక్కకట్టి చూపించాలి. క్రైసిస్ కోసం పిల్ల ఆఫీసులన్నీ తిరిగింది. మా దగ్గర ఏ క్రైసిసూ లేదని ప్రతి ఆఫీసూ కంగారుగా చెప్పింది. అలాంటి సమయంలో ఇది! వెతకబోయిన తీగ కాలికే తగిలింది. తల్లికి లిఫ్టు పోయిందన్న బాధ ఒక కంట్లో, ప్రాజెక్టు దొరికిందన్న మెరుపు ఇంకో కంట్లో. రెండో కన్నే గెలిచింది.

బిల్డింగు ప్రెసిడెంటు గారు రిటైరైన పెద్దమనిషి. ఆయన ముందు మా అమ్మాయి ఇరవై స్లైడ్లు వేసి చూపించింది. మొదటి సూత్రం వన్ వాయిస్. అంటే లిఫ్టు గురించి ఒక్కరే మాట్లాడాలి, ఆ ఒక్కరూ మా అమ్మాయే. ప్రెసిడెంటు మాట్లాడకూడదు. వాచ్‌మన్ మాట్లాడకూడదు. మెట్లెక్కి ఆయాసపడుతున్నవాళ్ళు అసలే మాట్లాడకూడదు. ప్రెసిడెంటు గారికి ప్రాణం లేచి వచ్చింది. లిఫ్టు గురించి తనను ఎవరూ ఏమీ అడగకుండా ఉండే రోజు కోసమే ఆయన ఎదురుచూస్తున్నారు.

బిల్డింగు వాట్సాప్ గ్రూపులో అందరూ ఉంటారు. సొంతవాళ్ళు, అద్దెవాళ్ళు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, లిఫ్టు మెకానిక్. మొదటి నోటీసు అందులోనే పడింది. "మన లిఫ్టు ప్రస్తుతం విరామం తీసుకుంటోంది. మీరు వేసే ప్రతి అడుగునూ మేము గౌరవిస్తున్నాం."

"చెడిపోయింది అంటే సరిపోతుంది కదమ్మా" అన్నాను.

"అది నెగెటివ్ మాట నాన్నా. క్రైసిస్‌లో మొదట పోవలసింది ఆ మాటే" అంది.

రెండో వారం మెట్ల ప్రచారం. మలుపు మలుపుకీ ఒక పోస్టరు. మొదటి అంతస్తులో "మీ గుండె మీకు థ్యాంక్స్ చెబుతోంది." మూడో అంతస్తులో "కాసేపు ఆగండి, పక్కింటివారిని పలకరించండి." నాలుగో అంతస్తులో పోస్టరు లేదు. అక్కడిదాకా వచ్చినవాళ్ళు చదివే స్థితిలో ఉండటం లేదని పరిశోధనలో తేలింది.

మూడో వారం నోటీసు మాత్రం నా మనసు దోచుకుంది. "మీ సహనం ఫలించింది! మన లిఫ్టు ప్రయాణంలో కొత్త అధ్యాయం మొదలైంది. ఈ విజయంలో భాగమైన అందరికీ ధన్యవాదాలు." కింద తళతళలాడే లిఫ్టు తలుపు ఫోటో. ఆ తలుపు మాది కాదు, ఇంటర్నెట్‌ది. మూడో అంతస్తు టీచరమ్మ గారు బ్యాగు తీసుకుని ఆశగా లిఫ్టు దాకా వెళ్ళి, బటన్ నొక్కి, వెనక్కి వచ్చారు. కొత్త అధ్యాయమంటే గ్రూపులో ఫీడ్‌బ్యాక్ ఫారం పెట్టడమని ఆవిడకు తర్వాత తెలిసింది. ఈలోగా నలభై మంది చప్పట్ల బొమ్మలు పెట్టేశారు. నేనైతే ఆ నోటీసును బంధువులందరికీ, చిన్నప్పటి స్నేహితులకీ, నా పళ్ళ డాక్టరుకీ పంపించాను.

మా ఆవిడకు ఈ కళ ఎంతకీ పట్టుబడలేదు.

"ఏమే, ఆ పార్టు వచ్చిందా?" అని అడిగింది ఒకరోజు.

"అమ్మా, ప్రశ్న ఫారంలో పెట్టు. నలభై ఎనిమిది గంటల్లో జవాబిస్తాం."

"ఎదురుగానే కూర్చున్నావు కదే."

"ఇప్పుడు నేను నీ కూతుర్ని కాదమ్మా, బిల్డింగు తరఫు ప్రతినిధిని."

మా ఆవిడ ఫారం నింపింది. "పార్టు వచ్చిందా?" అని రెండే మాటలు. చెప్పిన గడువులోనే జవాబు వచ్చింది. "మీ ఆసక్తికి కృతజ్ఞతలు. మీలాంటివారే మా బలం." పక్కగదిలోంచి వచ్చింది.

నాకే ఉండబట్టలేక, "ఆ మెకానిక్‌కి ఒక ఫోన్ కొట్టి కనుక్కోరాదూ?" అన్నాను అమ్మాయితో.

"నాన్నా, అది ఆపరేషన్స్. నాది కమ్యూనికేషన్స్. గీత దాటితే గైడ్ మార్కులు కోసేస్తారు."

ప్రెసిడెంటు గారిని కదిపితే "మీ అమ్మాయే చూసుకుంటోంది కదండీ" అన్నారు. వాచ్‌మన్‌ని అడిగితే "నన్ను మాట్లాడొద్దన్నారు సార్" అని అటు తిరిగాడు. క్రమశిక్షణ అంటే ఇదీ! వెనకటి రోజుల్లో అయితే తలా ఒక ఫోన్ చేసి ఆ మెకానిక్ ప్రాణం తోడేసేవాళ్ళం.

ఐదో వారంలో ఆఖరి సర్వే జరిగింది. ప్రాజెక్టు మొదట్లో లిఫ్టు సేవల పట్ల తృప్తిగా ఉన్నవాళ్ళు నూటికి తొమ్మిది మంది, అందరూ కింది ఇళ్ళవాళ్ళే. ఇప్పుడు ఎనభై ఏడు! లిఫ్టు అంగుళం కదల్లేదు, తృప్తి మాత్రం ఐదంతస్తులూ ఎక్కేసింది. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అని మనవాళ్ళు ఎవరినో దెప్పుతుంటారు. అది దెప్పవలసిన విషయం కాదు, మంచి ఉద్యోగం దొరికే కోర్సు.

మా ఆవిడ ఫారం నా కంట పడింది. 'చాలా తృప్తి' అన్నచోట టిక్కు పెట్టి ఉంది.

"ఇదేమిటి? నువ్వు గుమ్మం దాటి నెల దాటింది కదా" అన్నాను.

"పిల్ల మార్కులండీ. దాని నోట్లో మట్టి కొట్టమంటారా?" అంది. "టీచరమ్మ గారు కూడా అలాగే పెట్టారు. పాపం పిల్ల కష్టపడుతోంది, మనదేం పోయింది అన్నారు. అందరూ అంతే."

ఈ చిన్న వివరం థీసిస్‌లోకి ఎక్కలేదు.

సభ రోజు రానే వచ్చింది. మా ఆవిడ పొద్దున్నే లేచి మంచి బట్టలు కట్టుకుంది. ఆ మెత్తటి చెప్పులు వేసుకుంది. నా చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వచ్చి కిందికి చూసింది. సాయానికి వచ్చిన ప్రెసిడెంటు గారూ నేనూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తాం అన్నాను. నన్నూ ప్రెసిడెంటు గారినీ ఎగాదిగా చూసి, "వద్దులెండి, రెండో మోకాలు కూడా పోతుంది. మీరు వెళ్ళిరండి. ఫోన్లో చూపించండి" అంది. కళ్ళు మాత్రం తిప్పేసుకుంది.

మా అమ్మాయి మొహం పాలిపోయింది. "అమ్మా, అదీ..." అంది. రెండేళ్ళ చదువూ ఆ 'అదీ' దగ్గర ఆగిపోయింది.

సభలో మా అమ్మాయి ప్రాజెక్టుకు బంగారు పతకం ఇచ్చారు. "సమస్యను ముట్టుకోకుండానే సంతృప్తిని పెంచిన అరుదైన పని ఇది" అని పెద్ద ప్రొఫెసరు గారు మైకులో మెచ్చుకున్నారు. హాలంతా చప్పట్లు. "దీనివల్ల మేలు పొందినవాళ్ళు ఎవరైనా వచ్చుంటే దయచేసి నిలబడండి" అన్నారు. నేనొక్కణ్ణే లేచాను. మిగతావాళ్ళు వెనక్కి మళ్ళీ ఎక్కాలన్న భయంతో మెట్లు దిగలేదు.

నిలబడే మా ఆవిడకు ఫోన్ చేశాను. మొదటిసారి ఎంగేజ్ వచ్చింది. తర్వాత ఐదుసార్లు మోగి మోగి ఆగిపోయింది. ఆ మోకాలితో ఇంట్లో ఒక్కతే ఉంది. వేదిక మీద నుంచి అమ్మాయి నా వైపు చూసి, కళ్ళతోనే అమ్మేదని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. అది ఫోటో కోసం కూడా ఆగకుండా దిగి వచ్చేసింది.

దొరికిన బండి ఎక్కి ఇంటికి చేరాం. గేటు పక్కన బెంచీ మీద మా ఆవిడ కూర్చుని ఉంది. కింద! ఫోన్ మాత్రం పైన ఇంట్లోనే మరిచిపోయిందట. పక్కనే లిఫ్టు మెకానిక్ పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"ముప్పావు గంట పనండి, అయిపోయింది" అన్నాడు. "పార్టు ఎప్పుడో వచ్చింది. సంచిలో వేసుకుని బయల్దేరబోతుంటే గ్రూపులో మీ మెసేజ్ పడింది. సహనం ఫలించింది, విజయం అని, తలుపు ఫోటోతో సహా. వేరేవాళ్ళను పిలిచి చేయించేసుకున్నారు కాబోలు అనుకున్నా. మనసుకు కాస్త కష్టమేసింది. అయినా బాగోదని చప్పట్లు పెట్టా."

మా అమ్మాయి మెడలో పతకం తీసి బ్యాగులో వేసుకుని, తల్లి పక్కన కూర్చుంది.

"నువ్వే పిలిచావా అమ్మా?"

"మీరు వెళ్ళాక కాసేపు ఏడ్చా. ఏడిస్తే కిందికి దిగుతానా? లిఫ్టు పక్కన గోడ మీద ఇతని నెంబరు రాసి ఉంది. చేశా."

"ఏం చెప్పావు?"

"లిఫ్టు చెడిపోయింది, వచ్చి బాగుచెయ్యి బాబూ అన్నా."

"అంతేనా?"

"ఇంకేం చెప్పాలే?"

మాట కూతురితో అంది గానీ, చూపు నా మీద ఉంది. పాఠకులారా, పిల్లకైతే వన్ వాయిస్ ఉంది, మార్కులున్నాయి, గైడ్ ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా మాటలు రాసి బతుకుతున్న నాకేం అడ్డమొచ్చింది? ఆ నోటీసులు ఊరందరికీ పంపుతున్నప్పుడు, మెకానిక్ పేరు మీదుగా వేలు జరుపుకుంటూ కిందికి పోయేవాణ్ణి. అతని నెంబరు మొదటి రోజు నుంచీ నా ఫోన్లోనే ఉంది.