బావమరిది ఎంచిపెట్టిన విల్లు

కొత్తగా వేటకు దిగేవాడికి మొదటి విల్లు ఎంచిపెట్టడానికి బావమరిదిని మించిన మనిషి ఈ భూమ్మీద లేడు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. అమెరికాలో, మిషిగన్ ఉత్తరపు కొసన, అడవీ మంచూ తప్ప మరో ఆస్తి లేని మా ఊళ్లో, విల్లంబులు అమ్ముకుని బతికే మనిషిగా అంటున్నాను.

కొందరు ఒప్పుకోరని తెలుసు. కాంపౌండ్ విల్లంటే కప్పీలూ తీగలూ ఉన్న యంత్రమనీ, చెప్పులు కొన్నట్టు ఒంటి కొలతను బట్టి కొనాలనీ, దుకాణంలో వాళ్లను అడగాలనీ అంటారు. ఎంత అమాయకులు! దుకాణం మనిషిని నేనే. నా మాట వింటే నేనొక్క విల్లు అమ్ముతాను. బావమరిది మాట వింటే రెండు అమ్ముతాను. ఎవరి సలహా గొప్పదో మీరే తేల్చండి.

ఉదాహరణకు లైల్ కంగాస్‌నే తీసుకోండి. స్కూలు బస్సులు రిపేరు చేస్తాడు. నలభై దాటేదాకా ఈగను కూడా వేటాడినవాడు కాదు. కిందటి వేసవిలో మామగారు ఆర్వో పిలిచి, మోకాళ్లు అరిగిపోయి నేనెక్కలేకపోతున్నాను, నా అడవిలో మంచె నువ్వు తీసుకో అన్నాడు. మా ఊళ్లో కూతురినైనా సులువుగా ఇస్తారు గానీ మంచె ఇవ్వరు. లైల్ రెండు రోజులు నిద్రపోలేదట.

ఆర్వో ఒకే షరతు పెట్టాడు. జింకను గాయపరిచి, అది అడవిలో ఎక్కడో పడి చస్తే, ఆ మనిషి మళ్లీ మంచె ఎక్కకూడదు. అంతే. రెండో మాట లేదు.

ఇదే షరతు కింద నాలుగేళ్ల క్రితం ఆర్వో సొంత కొడుకు వేన్ మంచె దిగిపోయాడు. అంటే ఈ విషయంలో గట్టి అనుభవం ఉన్నవాడన్నమాట! లైల్‌కు విల్లు కొనిపెట్టే బాధ్యత అతను కాక ఇంకెవరు తీసుకుంటారు?

ఆగస్టులో బావా బావమరుదులిద్దరూ దుకాణానికొచ్చారు. మా దుకాణంలో కాఫీ కుండ దగ్గర ఒక బల్ల ఉంది. దాని చుట్టూ ఎప్పుడూ నలుగురైదుగురు వేటగాళ్లు కూర్చుని ఉంటారు. కాఫీ ఉచితం, సలహా అంతకన్నా ఉచితం.

"హిల్మక్కా, మా బావకి డెబ్బై పౌండ్లది తియ్యి" అన్నాడు వేన్ నాతో.

"మీ బావకి నోరు లేదా?"

"ఉంది. దానికి విల్లుల సంగతే తెలీదు."

పౌండ్లంటే విల్లును పూర్తిగా లాగడానికి పెట్టాల్సిన బలం. నేను స్టూలు ముందుకు జరిపాను. "లైల్, దీనిమీద కూర్చో. పాదాలు నేలకి ఆనించకు. విల్లు పైకెత్తకుండా తిన్నగా ముందుకు పెట్టి, మెల్లగా లాగు. ఎన్ని పౌండ్లు లాగగలిగితే అంత విల్లే నీది."

"కూర్చుని లాగడమేంటక్కా? పళ్లు పీకించుకోడానికి వచ్చామా?" అన్నాడు వేన్.

బల్ల దగ్గర నవ్వులు. ఒకాయనైతే కప్పు కింద పెట్టి మరీ అన్నాడు: "నలభై ఐదు పౌండ్లది కావాలంటే కొనక్కర్లేదు లైల్, మా మనవరాలిది అరువిస్తాలే!"

ఇక స్టూలు మీద ఎవడు కూర్చుంటాడు? లైల్ నిలబడి, విల్లును ఆకాశంలోకి ఎత్తి, నడుము వెనక్కి విరిచి, బీట్‌రూట్ రంగులోకి తిరిగి, మొత్తానికి లాగాడు. చప్పట్లు! పెళ్లిలో కూడా అతనికి అన్ని చప్పట్లు పడి ఉండవు.

తర్వాత చేతుల కొలత. టేపు పెట్టి కొలిచి, తీగ ఇరవై ఎనిమిది అంగుళాలు వెనక్కి వచ్చే విల్లు చాలన్నాను. వేన్ ఒప్పుకోలేదు. తనది ముప్ఫై కాబట్టి ముప్ఫై ఉండాలన్నాడు.

"మీ బావకి నలభై ఒకటి, వేన్. ఇంకా పొడుగవుతాడంటావా?"

"అలవాటు పడతాడక్కా."

పిల్లాడికి వచ్చే ఏడాదికి కూడా సరిపోతుందని వదులు చొక్కా కొనే తల్లుల్ని చూశాను. బావకి వదులు విల్లు కొనే బావమరిదిని చూడ్డం అదే మొదలు కాదు, ఆఖరూ కాదు.

ఇంతటితో అయిపోతే బావమరిది గొప్పేముంది? ఫోనులో వీడియోలు కూడా ఉన్నాయి కదా! వేనూ, ఆ వీడియోలవాళ్లూ కలిసి, విల్లుకు బిగించడానికి అయిదు దూరాలకు అయిదు గురిచుక్కలుండే సైటు కొనిపించారు. దూరం కొలిచే యంత్రం కొనిపించారు. మనిషి వాసన పోగొట్టే సబ్బు, ఆ సబ్బు వాసన పోగొట్టే స్ప్రే కొనిపించారు. ఆర్వో మంచె ముందు ఇరవై గజాలు దాటితే దేవదారు చెట్లే అడ్డం. అవతలి జింక కనిపించనే కనిపించదు. అయితేనేం? ఆ యంత్రాలు పెట్టిన సంచి మోయడానికి ఇంకో సంచి కూడా నేనే అమ్మాను.

నవంబరు మొదట్లో, మగ జింకలు ఒళ్లు తెలియకుండా తిరిగే రోజుల్లో, లైల్ దుకాణానికొచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించాడు.

"వచ్చిందక్కా. పెద్ద కొమ్ములది."

"ఎంత దూరంలో?"

"ఉమ్మేస్తే మీద పడేంత."

"మరి?"

"విల్లు లాగితే రాలేదు. కూర్చుని ఉన్నాను, ఒంటి మీద మూడు చలికోట్లు, వేళ్లు కొయ్యబారిపోయాయి. లేస్తే చప్పుడవుతుంది. విల్లు పైకెత్తి లాగబోయాను. అది తల తిప్పి నన్నే చూసింది."

"చూసి?"

"చాలాసేపు చూసింది. నేనేం చేస్తున్నానో దానికీ అర్థమైనట్టు లేదు."

బల్ల దగ్గర వేన్ కాఫీ ముక్కులోకి పోయేలా నవ్వి, రోజూ డంబెల్స్ ఎత్తమని సలహా ఇచ్చాడు. లైల్ నవ్వలేదు. గొంతు తగ్గించి నాతో అన్నాడు: "బాణం వదల్లేదు కాబట్టి మంచె ఉంచాడు మామయ్య. వణుకుతూ వదిలావో, అదే ఆఖరు అన్నాడు."

మర్నాడు మధ్యాహ్నం, కాఫీ బల్ల మొత్తం మాంసం కూరిన పాస్టీలు తినడానికి ఇళ్లకు పోయాక, లైల్ వెనక తలుపులోంచి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని పాదాలు ఎత్తాడు. యాభై పౌండ్ల వేరే విల్లు చేతికిచ్చాను, వెన్నలా వచ్చింది. ఇరవై ఎనిమిది అంగుళాల దగ్గర చెయ్యి దవడ కింద చక్కగా ఆగింది. వదిలిన బాణం గడ్డి బొమ్మలో ఈకలదాకా దిగింది.

"ఇంతేనా?" అన్నాడు, మోసపోయినవాడిలా.

"ఇంతే."

పాత విల్లు బిగువును అరవై పౌండ్ల కిందికి తగ్గించడానికి వీల్లేదు. కాబట్టి రెండోది కొన్నాడు. వేన్‌కు నేను చెప్పుకోవాల్సిన కృతజ్ఞతలు మీకిప్పుడు అర్థమయ్యాయా?

డిసెంబరులో మొదటి మంచు గట్టిపడ్డాక, లైల్ అదే మంచె మీద కూర్చుని, ఒక్క బాణం వేశాడు. అది జింక పక్కటెముకల్లోంచి దూసుకుపోయి అవతల మంచులో గుచ్చుకుంది. జింక కనుచూపు మేరలోనే పడింది. ఆర్వో కర్ర ఊతంగా వచ్చి, నెత్తుటి జాడ చూసి, "వచ్చే ఏడాదికి మంచె మెట్లు బాగు చేసుకో" అన్నాడట. ఆ కుటుంబంలో ఇంతకు మించిన పొగడ్త ఎవరూ ఎరగరు.

మంచె దక్కింది. జింక బాధపడకుండా పోయింది. ఇక లైల్ కాఫీ బల్ల దగ్గర నిలబడి ఉన్నమాట చెబుతాడు, నా వ్యాపారం సగానికి పడిపోతుంది అని భయపడ్డాను. మీరైనా భయపడరా?

వారం తిరక్కుండా కొత్త విల్లు చంకన పెట్టుకుని వచ్చాడు.

"హిల్మక్కా, ఆకుల రంగు టేపుందా?"

విల్లు రెక్క మీద దాని పౌండ్లు అచ్చేసి ఉంటాయి. అంకె కనపడకుండా దానిమీద టేపు చుట్టాలట. నాకేం ఆశ్చర్యం లేదు. ఆ బల్ల దగ్గరున్న ప్రతి విల్లుకూ సరిగ్గా అదే చోట టేపుంది. చుట్టింది నేనే. వేన్‌ది కూడా, అతను మంచె దిగిపోయిన ఏడాదే. దాని కింద యాభై రెండు ఉంది.

లైల్ టేపు చుట్టించుకుని వెళ్లి, కప్పు నింపుకుని, బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇంతలో జోలీన్ వచ్చింది. పోస్టాఫీసులో పనిచేస్తుంది, బక్కపలచటి పిల్ల, మొదటి విల్లు కొనుక్కోవడానికి వచ్చింది. గోడకున్న విల్లులన్నీ చూసి తికమకపడి, బల్ల వైపు తిరిగింది.

"లైల్, జింకను కొట్టారటగా! మీరెన్ని పౌండ్లు లాగుతారు?"

లైల్ నన్ను చూశాడు. వేన్‌ను చూశాడు. కప్పులోకి చూశాడు.

"డెబ్బై" అన్నాడు.

"మొదట్లో కష్టమే చెల్లెమ్మా, అలవాటైపోతుంది" అన్నాడు వేన్.

పాఠకులారా, నాకేం నష్టం లేదు. ఇన్నేళ్లుగా ఇదే కౌంటరు మీద నిజాన్ని పెట్టి, ఉచితంగా తీసుకెళ్లండి మొర్రో అంటున్నాను, ఒక్కరూ ముట్టుకోవడం లేదు. టేపును మాత్రం డబ్బిచ్చి మరీ కొంటున్నారు!