పావుగంట పెట్టుబడి

ఈ ఊళ్ళో పెట్టుబడి ఎలా పుట్టిందన్న విషయమై పండితుల మధ్య నడుస్తున్న తగాదా ఇంతటితో ముగిసినట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. అది ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, గడియారాలు బాగుచేసే ఆయన చేతిలో పుట్టింది. ఊరంతా ఆయన్ని గడియారాలాయన అనేది.

అంతకుముందు ఊరు పరమ అనాగరికంగా ఉండేది. నేతవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు నేసుకునేవారు. నడుం నొప్పెడితే లేచేవారు, పిల్లాడు ఏడిస్తే ఎత్తుకునేవారు. కాలం దిక్కూమొక్కూ లేకుండా వీధుల్లో పడి ఉండేది. నూలిచ్చి బట్ట కొనే షావుకారు ఈ ఘోరం చూడలేక మగ్గాలన్నిటినీ ఒక్క కప్పు కిందికి చేర్చి, దానికి మిల్లని పేరు పెట్టి, గేటుకు గడియారం తగిలించాడు. ఒకచోట రెండు టైములుంటే గొడవలొస్తాయని పనివాళ్ళ సొంత వాచీలను దయతో నిషేధించాడు.

తర్వాత గడియారాలాయన్ని పిలిపించాడు.

"భోజనాలయ్యాక ముల్లు కాస్త నిదానంగా నడిస్తే యంత్రానికేమైనా అవుతుందా?"

"యంత్రానికేం కాదండీ."

"మనుషుల సంగతి నేను చూసుకుంటాలే."

సాయంత్రానికి గడియారం పావుగంట వెనకబడేది. మర్నాడు గేటు తెరవకముందే గడియారాలాయన దాన్ని సర్దేవాడు. నాలుగు వందల మంది పావుగంటలు ఊరికే పోతాయా? ఏడాది తిరిగేసరికి వాటిలోంచి రెండో షెడ్డు లేచింది. ప్రారంభోత్సవంలో షావుకారు తన పొదుపునీ కష్టాన్నీ తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. గడియారాలాయనకి ఉద్యోగం ఖాయమైంది.

చిక్కల్లా ఆయన ఆర్నెల్ల కొడుకుతోనే వచ్చింది. పెళ్ళాం అదే మిల్లులో నూలు చుట్టేది. ఇల్లు మిల్లు గోడ పక్కనే. పిల్లాడు ఆరింటికల్లా పాలకోసం గుక్కపట్టేవాడు. తల్లి వచ్చేసరికి ఇంకో పావుగంట గడిచేది.

"నీ పెళ్ళాం రోజూ ఎక్కడ కబుర్లు చెబుతోందో కనుక్కోరా," అంది గడియారాలాయన తల్లి.

"ఆరు కొట్టగానే పరిగెత్తుకొస్తున్నా అత్తయ్యా! వీడికే ఆత్రం," అంది కోడలు రొప్పుతూ.

ఆ పావుగంట ఎక్కడికి పోతోందో గడియారాలాయనకి తెలుసు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పిల్లాడి ఏడుపు ఆగదు. చివరికి ధైర్యం చేసి షావుకారు ముందు చేతులు కట్టుకుని నిలబడి పిల్లాడి ఏడుపు సంగతి చెప్పాడు.

"నాలుగొందల మంది ఒక టైము చెబుతుంటే, ఒక్కడు ఇంకోటి చెబుతున్నాడంటే తప్పెవరిదయ్యా?" అన్నాడు షావుకారు. "ఆకలిని ఆపుకోవడం నేర్చుకోబట్టే కదా మనిషి ఇంతవాడయ్యాడు! మీవాడికి ఆ భాగ్యం ఉయ్యాల్లోనే పట్టింది." ఒక గోడగడియారం బహుమానంగా ఇచ్చి పంపాడు.

గడియారాలాయన దాన్ని కూడా మిల్లు నడకకే సరిచేసి ఉయ్యాలకెదురుగా తగిలించాడు. ఇంట్లో తగాదా తీరిపోయింది. కోడలు వేళకే వస్తోందనీ, మనవడే తొందరపడుతున్నాడనీ ముసలామె కళ్ళారా చూసింది. ఆరు కొట్టేదాకా వాణ్ణి ఏడవనిచ్చేది. నెల తిరిగేసరికి వాడు ఏడవడం మానేశాడు. నోరు తెరుచుకుని, గడియారం కేసి చూస్తూ పడుకునేవాడు.

"ఎంత బుద్ధిమంతుడో చూశారా!" అని మురిసిపోయింది పెళ్ళాం.

అవునన్నాడు గడియారాలాయన. అలా అన్నందుకు తన్ను తాను ఎన్నడూ క్షమించుకోలేదు. ఉద్యోగం మాత్రం మానలేదు. వార్షికోత్సవంలో పిల్లాడికి క్రమశిక్షణ పతకం ఇస్తే అందరితోపాటు చప్పట్లు కూడా కొట్టాడు.

ఇదంతా పాతకాలపు మాట అనుకునే పాఠకులు హాయిగా నవ్వుకోవచ్చు. నవ్వాక, నిన్న సాయంత్రం ఒళ్ళోకి రాబోయిన పిల్లాడితో ఫోన్లోంచి తలెత్తకుండా "ఒక్క ఐదు నిమిషాలమ్మా, ఆఫీసు పని" అన్నారే, ఆ ఐదు నిమిషాలు ఎవరి షెడ్డుకి చేరాయో కనుక్కోండి. మీవాడిప్పుడు అడగడం మానేశాడు. బుద్ధిమంతుడు.