గుమ్మం ముందు దింపిన బండి

తరాజ్ పట్నంలో భూగోళం చెప్పే సాపర్‌బాయ్ మాస్టారు కారు కొనడానికి యుద్ధానికి వెళ్ళే మనిషి ముఖంతో తయారయ్యాడు. పక్కింటాయన తొమ్మిది మిలియన్ల టెంగేలన్న బండికి పదిన్నర ఇచ్చి వచ్చాడు మరి. కాళ్ళకింద మ్యాట్లకింత, తుప్పు పట్టని పూతకింత, నంబరు ప్లేటుకింత. తాళంచెవి గొలుసుకి కూడా వేరే బిల్లు.

"నా దగ్గర ఆ పప్పులుడకవు," అన్నాడు భార్యతో. "ఒకటే ధర. అన్నీ అందులోనే."

"అన్నీ అంటే మా అమ్మని తీసుకురావడం కూడానా?" అంది కమ్‌షాత్, పిండి పిసుకుతూ.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. అత్తగారికి ఎనభై మూడేళ్ళు. మొయిన్‌కుమ్ ఇసుక దిబ్బల మధ్య ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. కూతురి ఇల్లు ఒక్కసారి చూడాలని ఆవిడ అడగడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. బస్సులో ఆవిడ నడుము నిలవదు, కారు కొన్నాక తెచ్చుకుందాం అని చెబుతూ వచ్చింది ఈయనే. చెడ్డవాడు కాదు. మంచి పనులన్నీ వచ్చే ఏడాదికి దాచుకునే రకం.

"కొత్త బండిని ఇసుకలో తోలమంటావా? కాస్త పాతబడనీ. వచ్చే వేసవికి చూద్దాం."

"వచ్చే వేసవి దాకా ఆగమని ఆవిడ ప్రాణానికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

మాస్టారు వినపడనట్టు టీ తాగాడు. కమ్‌షాత్‌కి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం పైకి కనపడకుండా పిండి మీద గుడ్డ కప్పింది.

షోరూములో బేరం మూడు శనివారాలు నడిచింది.

"చలికాలం టైర్లు?"

"ధరలో కలిపే మాస్టారూ," అన్నాడు అమ్మకాల కుర్రాడు ఎల్‌నార్.

"బీమా?"

"కలిపే."

"టాంకు నిండా పెట్రోలు?"

ఎల్‌నార్ పైకప్పుకేసి చూసి, "కలిపే," అన్నాడు నీరసంగా.

"బండిని గుమ్మం ముందు దింపాలి. అది కూడా కలిపే."

"మీరు తోలుకెళ్ళరా?"

తోలడు. కొత్త బండితో వీధిలో కనపడితే చుట్టాలు దాన్ని కడగాలంటారు. కడిగేది నీళ్ళతో కాదు, గొర్రెని కోసి పెట్టే విందుతో. విందుల్లో పెద్దలకి పెట్టే గొర్రె తల ఎప్పుడూ మాస్టారి అన్నగారి ముందే పెడతారు. బావగారి పేరు నోటితో పలకకూడదు కనుక కమ్‌షాత్ ఆయన్ని తలకాయగారు అంటుంది. కొత్త బండి వాసన ఆయనకి మూడు వీధుల అవతలికి కొడుతుంది. అందుకని మంగళవారం, అందరూ పనుల్లో ఉన్న వేళ, చప్పుడు లేకుండా బండి రావాలని మాస్టారి పన్నాగం.

"సరే, ఈ జిల్లాలో ఎక్కడికైనా కలిపే," అన్నాడు ఎల్‌నార్, ఇక పోరాడలేక.

"విన్నావా?" అన్నాడు మాస్టారు, పక్కనే కూర్చున్న భార్యతో గర్వంగా.

"విన్నాను," అంది కమ్‌షాత్.

"చిరునామా నువ్వు రాయి. నీ దస్తూరీ బాగుంటుంది."

ఆమె రాసింది. ధర ఉన్న పేజీని మూడుసార్లు చదివిన మాస్టారు, చిరునామా ఉన్న పేజీ మీద చూడకుండానే సంతకం గీకాడు.

మంగళవారం సెలవు పెట్టి గేటు దగ్గర నిలబడ్డాడు. పదకొండైంది, పన్నెండైంది. ఫోను మోగింది.

"అల్లుడా, బండి వచ్చింది," అంది అత్తగారు. "తెచ్చినబ్బాయి టీ తాగి వెళ్ళాడు. ఊరంతా ఇక్కడే ఉంది. గొర్రెని కోశాం, నీకు ఖర్చు లేకుండా. నేను ముందు సీట్లో కూర్చున్నాను. నువ్వొచ్చేదాకా దిగను."

మాస్టారు వెనక్కి తిరిగాడు. కమ్‌షాత్ కోటు తొడుక్కుంటోంది.

"ఎవరి చిరునామా రాశావు?"

"గుమ్మం ముందు అన్నారు. ఎవరి గుమ్మమో చెప్పలేదు."

"నన్ను అడగాలి కదా!"

"అడిగాను. చాలాసార్లు. పదండి, ఒంటిగంటన్నరకి బస్సు. టికెట్లు మాత్రం కలిపి కాదు."

సొంత బండి కోసం బస్సులో, కిటికీ పక్కన కూడా కాదు, ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య నలుగుతూ వెళ్ళాడు సాపర్‌బాయ్. అత్తగారిని ఏమనాలో దారంతా మనసులో సిద్ధం చేసుకున్నాడు.

సాయంత్రానికి చేరారు. తెల్ల తలగుడ్డ కట్టుకుని, సీటు బెల్టు పెట్టుకుని, ఒళ్ళో మూటతో కూర్చుని ఉంది పెద్దావిడ. బెల్టు ఎవరినీ విప్పనివ్వలేదట. మూటలో దిండు, తన టీ గిన్నె. కమ్‌షాత్ కిటికీలోంచి తల్లి మెడ చుట్టూ చేతులేసి బావురుమంది. సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ మాస్టారి నోటికి రాలేదు. సిగ్గేసింది.

ఊరివాళ్ళు మాంసం పెట్టి, దీవించి సాగనంపారు. కమ్‌షాత్ వెనక ఎక్కింది. మాస్టారు స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"మీ ఇల్లు ఎంత దూరం నాయనా?"

"నూట ఎనభై కిలోమీటర్లు, అత్తయ్యా."

పెద్దావిడ నిజంగానే ఆశ్చర్యపోయింది.

"అంతేనా? పదకొండేళ్ళు పట్టిందిగా, ఇంకా ఎంత దూరమో అనుకున్నాను."

సాపర్‌బాయ్ తలవంచుకుని బండి స్టార్ట్ చేశాడు.