మనవరాలి వేలిముద్ర

ఆ ఉదయం ఇంట్లో అందరికంటే ముందు లేచినవాడు అల్లుడు. అతను లిఫ్టులు బిగించే కంపెనీలో ఇంజనీరు. ఒక తాడు తెగితే రెండోది, అదీ తెగితే మూడోది పట్టుకోవాలన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం. ఆ పాఠాన్ని ఇంటికి కూడా మోసుకొచ్చాడు కాబట్టి తోటి ఉద్యోగులు అతనికి ‘ముందుజాగ్రత్త’ అని పేరు పెట్టారు. ఒక గొడుగు ఎక్కడైనా మర్చిపోతానేమోనని రెండు గొడుగులు పట్టుకెళ్ళి, రెండూ బస్సులో వదిలేసి తడుచుకుంటూ వచ్చే మనిషి.

అత్తగారి తీరు వేరు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కారు. గుడ్డ చాలకపోతే బెంబేలెత్తరు. దగ్గరి రంగు ముక్క ఒకటి వెతికి, లోపలివైపు అతుకేసి, తెచ్చినవాళ్ళ చేతే “ఎంత బాగా కుదిరిందండీ” అనిపించుకుంటారు. లోకంలో అతుకు పడనిది ఏదీ లేదని ఆవిడ నమ్మకం. కూతురి పురిటికని దేశం కాని దేశం వచ్చి మూడు నెలలైనా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

చెదిరిన సంగతి ఒక్కటే. అల్లుడి కాంట్రాక్టు అయిపోయింది. నెలాఖరుకి అందరూ ఆ దేశం విడిచి వెళ్ళిపోవాలి. పెద్దవాళ్ళు ముగ్గురికీ పాస్‌పోర్టులున్నాయి, చంటిదానికి లేదు. పుట్టిన దేశమేమో ఈ పిల్ల మాది కాదంది. కన్నవాళ్ళ దేశమేమో మాదే, అయితే కాగితాలు చూపించండి అంది. ఆసుపత్రి ఇచ్చిన కాగితం, దానికి అనువాదం, అనువాదం మీద ముద్ర, ఆ ముద్ర నిజమైనదేనని ఇంకో ముద్ర... వీటికే ఇన్నాళ్ళూ పట్టింది. చివరికి రాయబార కార్యాలయం వాళ్ళు ఇవాళ పదింటికి రమ్మన్నారు. ఇది తప్పితే మళ్ళీ వచ్చే నెలే. పాస్‌పోర్టు లేని పిల్లను, అది ఒళ్ళో పట్టేంత పిల్లయినా సరే, విమానం ఎక్కించరు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అత్తగారికి ముద్ద దిగడం లేదు.

దరఖాస్తులో అన్నీ నింపేశారు. మిగిలింది చంటిదాని బొటనవేలి ముద్ర. నిద్రలో పిల్లల పిడికిళ్ళు వదులవుతాయని ఎక్కడో చదివి, అల్లుడు ఆ కార్యక్రమాన్ని తెల్లవారుజామునే పెట్టుకున్నాడు. ముందురోజు బంగాళాదుంప మీద సాధన కూడా చేశాడు. దుంప బాగా సహకరించింది.

“అత్తయ్యగారూ, మీరు లైటు పట్టుకోండి. నువ్వు మోచెయ్యి పట్టుకో. బొటనవేలు నేను చూసుకుంటాను.”

“ఇది వేలిముద్రా, ఆపరేషనా అండీ?” అంది కూతురు.

“మాట్లాడకు. లేస్తుంది.”

లేవనే లేచింది. లేచి, సిరా ప్యాడ్‌ని పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, ఐదు వేళ్ళనూ దరఖాస్తు మీద పరిచింది. ముందుజాగ్రత్త కాబట్టి అల్లుడి దగ్గర ఇంకా మూడు ప్రతులున్నాయి. రెండో ప్రతిని చంటిది లాక్కుని నోట్లో పెట్టుకుంది. మూడోదాని మీద కాలితో తన్నింది. మడమ మాత్రం గీతలతో సహా ముచ్చటగా పడింది.

“కాలిముద్ర అడిగుంటే ఈపాటికి పనైపోను,” అన్నారు అత్తగారు.

“ఇంకో నాలుగు ప్రింటు తీసుకోండి,” అంది కూతురు.

“ప్రింటరులో రంగు లేదు. ప్రతి కాగితానికీ నాలుగేసి నకళ్ళు తీశానుగా,” అన్నాడు అల్లుడు. అప్పటికి అతని చొక్కా, రెండు అరచేతులూ, ఒక చెవీ నీలమయ్యాయి.

“మీరు వెళ్ళి స్నానం చేసి రండి బాబూ. దీని సంగతి నేను చూస్తాను. నలుగుర్ని పెంచినదాన్ని,” అని అత్తగారు ఆ నాలుగో ప్రతిని చేతిలోకి తీసుకున్నారు. కూతురు పాలు కాచడానికి వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆవిడ జోలపాడారు, బుజ్జగించారు, వేళ్ళ సందున వేలు పెట్టి విప్పడానికి చూశారు. పిసినారి మొలలో డబ్బు సంచిలా ఆ పిడికిలి మరింత బిగిసింది. గోడ గడియారం పరిగెడుతోంది. ఇదొక్కటీ చెడిందో, నెలాఖరుకి తామందరూ ఎక్కే విమానంలో ఈ చంటిది ఉండదు. ఆవిడ చూపు తన చిటికెన వేలి మీద పడింది. చిన్నదే. సన్నదే. ఒకే రక్తం కూడాను. గుడ్డ చాలనప్పుడు దగ్గరి రంగు ముక్క వెయ్యమా ఏమిటి?

వేశారు. చక్కగా పడింది.

స్నానం చేసి వచ్చిన అల్లుడు ముద్రను చూసి పొంగిపోయాడు. “అత్తయ్యగారూ! ఒక్కసారికే! ఎంత స్పష్టంగా వచ్చిందో చూడండి!” అత్తగారు తేలు కుట్టిన దొంగలా చీర కొంగు చేతికి చుట్టుకున్నారు.

రాయబార కార్యాలయం హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఆగిపోయిన ఫ్యాను, అద్దం వెనక ఒక గుమస్తా. ఆయన తెలుగులో మాట్లాడేసరికి అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. ఆ ప్రాణం కాసేపే నిలిచింది.

“ఇదేమిటి?” అన్నాడు గుమస్తా.

“మా పాప వేలిముద్రండీ.”

“ఐదేళ్ళలోపు పిల్లలకు అక్కర్లేదు కదా.”

అల్లుడు భార్య వైపు చూశాడు. భార్య పైకప్పు వైపు చూసింది. “అయితే కొట్టేద్దామండీ,” అన్నాడు మెల్లిగా.

“కొట్టివేతలుంటే దరఖాస్తు చెల్లదు. వెయ్యకపోతే గొడవే లేకపోను. వేశారు కాబట్టి సరిచూడాలి,” అని గుమస్తా సొరుగులోంచి భూతద్దం తీశాడు. చాలా కాలంగా దానికి పని తగల్లేదని తీసిన ఉత్సాహంలోనే తెలిసింది. “పాప వేలు వయసుకి పెద్దదే.”

“మా వైపు అందరిదీ పుష్టి అండీ,” అన్నాడు అల్లుడు గర్వంగా.

“ఇక్కడ అడ్డంగా ఒక కోత ఉంది. పాత గాయమా?”

అది ఎప్పుడో ఒక పెళ్ళివారి పట్టు జాకెట్టు కత్తిరిస్తుంటే కత్తెర దిగిన గాయం. అత్తగారు నిజం చెప్పేద్దామని ముందుకు ఒంగారు కూడా. అంతలో అల్లుడి ముఖం పాలిపోయింది.

“ఉందండీ,” అన్నాడు. “అది... నేనే కోశాను.”

“ఎప్పుడు?” అని కూతురు హాలంతా దద్దరిల్లేలా అరిచింది.

“పోయిన వారం గోళ్ళు తీస్తుంటే కాస్త తగిలింది. రక్తం రాలేదు. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు.”

“నా పిల్ల వేలు కోసి నాకు చెప్పకుండా దాచారా? అమ్మా, వింటున్నావా?”

అమ్మ వింటూనే ఉన్నారు. చెయ్యని తప్పును అల్లుడు నెత్తిన వేసుకుంటుంటే చేసిన తప్పును ఒప్పుకోవడం ఎలాగో ఆవిడకి తెలియలేదు. మింగలేక, కక్కలేక కొంగును ఇంకో చుట్టు చుట్టుకున్నారు.

గుమస్తా గొంతు సవరించుకున్నాడు. “గాయం ఉన్నప్పుడు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. మధ్యాహ్నం కౌంటరు మూసేలోపు తెచ్చుకోండి.”

తెద్దామంటే, చంటిదాని వేళ్ళన్నీ పొద్దున అంటిన సిరాతో నీలంగా ఉన్నాయి. గాయం ఉన్నదీ లేనిదీ కనపడదు. కూతురు దాన్ని కొళాయి దగ్గరకు తీసుకెళ్ళి సబ్బుతో తోమింది. చంటిది ఏడ్చింది గాని సిరా కదల్లేదు. అది ఎలా పోతుందో డాక్టర్లనే అడుగుదామని, కూతురు పక్క వీధిలోని క్లినిక్‌కి ఫోను చేసి, వచ్చీరాని ఆ దేశపు భాషలో తన గోడు మొదలుపెట్టింది. మూడు నెలల పాప అని చెప్పింది. వేళ్ళు నీలంగా ఉన్నాయని చెప్పింది. ఎంత తుడిచినా పోవడం లేదంది. సిరా సంగతి చెప్పబోయేసరికి అవతలివాళ్ళు చిరునామా అడిగి ఫోను పెట్టేశారు.

“ఎంత మంచివాళ్ళో, వాళ్ళే వస్తారట,” అంది.

వచ్చారు. సైరను మోగించుకుంటూ వచ్చారు. గేటు దగ్గర కాపలావాడు స్ట్రెచరుకి చెయ్యి అడ్డుపెట్టి, ముందుగా సమయం తీసుకున్నారా అని అడిగాడు. వాళ్ళు అతన్ని తోసుకుని లోపలికి పరిగెత్తారు. నర్సు చంటిదాని వేళ్ళు చూసింది. తరవాత, పిల్లనెత్తుకున్న తండ్రి అరచేతులు చూసింది. పొద్దున స్నానం చేసినా అవీ నీలమే, చెవితో సహా. ఆవిడ కళ్ళు హాలంతా తిరిగి, ఓ మూల నక్కి కూర్చున్న అత్తగారి మీద నిలిచాయి. కొంగు పట్టి లాగింది. చిటికెన వేలు నీలంగా బయటపడింది.

ఒకే కుటుంబంలో మూడు తరాలకు ఒకే లక్షణం. నర్సు తన మనుషులతో ఏదో ఒక్క మాట అంది. ఆ మాటకు అర్థం ఎవరికీ తెలియలేదు గాని, హాల్లో కిటికీలన్నీ తెరుచుకున్నాయి, గంట మోగింది, అందర్నీ వీధిలోకి తరిమారు. విషవాయువు లీకయిందని ఒకడన్నాడు. అంటువ్యాధని ఇంకొకడన్నాడు. పెళ్ళి రిజిస్ట్రేషనుకి వచ్చిన జంట చేతులు వదులుకుని చెరో వైపు నిలబడ్డారు. గుమస్తా భూతద్దం జేబులో పెట్టుకుని, ఫైలు గుండెలకు హత్తుకుని పేవ్‌మెంటు మీదికొచ్చాడు.

అత్తగారిని కుర్చీలో కూలేసి ముఖానికి ఆక్సిజన్ మాస్కు తగిలించారు. అందులోంచి ఆవిడ చాలాసేపు నిజం చెప్పారు. ఎవరికీ వినపడలేదు. చివరికి ఆ మాస్కును పీకి పారేసి లేచి నిలబడ్డారు.

“అది రోగం కాదు, సిరా! ఆ ముద్ర పిల్లది కాదు, నాది! ఆ కోత నా కత్తెరది!”

నర్సు దూదికి స్పిరిటు అద్ది చంటిదాని వేళ్ళు తుడిచింది. దూది నీలమైంది, వేళ్ళు గులాబీరంగులోకి వచ్చాయి. గాయం కాదు కదా, గీత కూడా లేదు. నర్సు ఆ కుటుంబం వైపు చూసిన చూపుకి అనువాదం అవసరం లేకపోయింది.

“అమ్మా!” అంది కూతురు.

“అత్తయ్యగారూ!” అన్నాడు అల్లుడు. ఆ పిలుపులో కోపం కంటే, తను కొయ్యలేదన్న ఆనందమే ఎక్కువగా ఉంది.

గుమస్తా ఫైలు మూశాడు. “ఈ దరఖాస్తు రద్దండీ. మళ్ళీ సమయం తీసుకుని వచ్చే నెల రండి.”

అత్తగారు బతుకంతా ఎన్నో అతుకులు వేశారు. ఒక్కటీ ఊడలేదు. ఊడకూడనిదే ఊడింది. “బాబూ, తప్పు నాది. పిల్లదేం లేదు,” అంటుంటే ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. “కావాలంటే నన్ను ఇక్కడే పెట్టుకోండి. నా పాస్‌పోర్టు తీసుకుని దాన్ని పంపించండి.”

“అలా బదులు ఇవ్వడానికి లేదమ్మా,” అన్నాడు గుమస్తా. ఆయన గొంతు కూడా కాస్త మెత్తబడింది. అల్లుడు తన ఫైలులోని నకళ్ళన్నీ ఒక్కొక్కటే తిరగేసి, చివరి అట్ట దగ్గర ఆగిపోయాడు. అతని దగ్గర రెండో తాడు లేకపోవడం అదే మొదటిసారి.

అప్పుడు జనంలోంచి ఒక పెద్దావిడ టీ కప్పుతో సహా ముందుకొచ్చింది. కార్యాలయంలో పై అధికారిణి ఆవిడే. గదిలోంచి తరిమేస్తే ఆవిడా వీధిన పడింది. “ప్రయాణం ఎప్పుడు?” అంది.

“నెలాఖరుకండీ,” అన్నాడు అల్లుడు.

“మరి మామూలు దరఖాస్తు ఎందుకు పెట్టారు? పసిపిల్లల పాస్‌పోర్టుకి నెలన్నర పడుతుంది.”

“పది రోజులని మీ వెబ్‌సైటులో...”

“అది పెద్దవాళ్ళ పాత పాస్‌పోర్టు మార్చడానికి.”

కూతురు నెమ్మదిగా భర్త వైపు తిరిగింది. అంటే ముద్ర సరిగ్గా పడినా, అసలు పడకపోయినా, ఇవాళ ఏ తప్పూ జరక్కుండా చక్కగా ఇంటికెళ్ళి ఉన్నా, నెలాఖరుకి పిల్ల ఇక్కడే ఉండిపోయేది.

అధికారిణి చెయ్యి చాచి, వచ్చిన పని గురించి నర్సు రాసిన చీటీ ఆవిడ దగ్గర తీసుకుంది. శిశువుకి అత్యవసర వైద్యం కోసం పిలిచారు, వచ్చాం, చూశాం, సిరా అని ఉంది అందులో. ఆవిడ చీటీని ‘సిరా’కి కాస్త ముందు మడిచింది. “అత్యవసరం అని ఆసుపత్రివాళ్ళే రాసిచ్చారు. అత్యవసర ప్రయాణ పత్రం ఇవాళ సాయంత్రమే ఇచ్చెయ్యొచ్చు. కొత్త కాగితం తీయండి.”

“దానికి మాత్రం పసిపిల్లలకైనా వేలిముద్ర తప్పనిసరి మేడమ్,” అన్నాడు గుమస్తా.

అందరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ రెండు చేతులూ చంకల్లో దాచుకున్నారు. ఇంత గోల తరవాత చంటిది స్ట్రెచరు మీద ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. పిడికిళ్ళు రెండూ వాటంతటవే విచ్చుకున్నాయి. అధికారిణి టీ కప్పు గుమస్తాకి ఇచ్చి, ఆ చిన్న బొటనవేలిని రెండు వేళ్ళతో పట్టుకుని, సిరా తాకించి కాగితానికి అద్దింది. శనగగింజంత ముద్ర పడింది. దాన్ని చూస్తూ అత్తగారు చాలాసేపు ఏడ్చారు. సంతోషమేనని కూతురు నర్సుకి సైగలతో చెప్పింది.

ఇక ఒక్క గడి మిగిలింది. అత్యవసర పరిస్థితికి కారణం. గుమస్తా అల్లుడిని చూశాడు, కూతురిని చూశాడు, అత్తగారిని చూశాడు. కలం మూత తీసి, ‘పెద్దలు’ అని రాశాడు.