ఫోల్డర్‌లో ఉన్నవన్నీ

ఇంటర్నెట్‌లో అప్‌డేట్లు రావడం ఇంకా మొదలుకాని మంచి రోజులవి. ఉరుగ్వేలో ఏ మందుల షాపుకైనా కొత్త బిల్లింగ్ ప్రోగ్రాం కావాలంటే రాజధాని మాంటెవీడియో నుంచి సీడీ పోస్టులో రావాల్సిందే. ఆ సీడీ తయారుచేసేవాడు వాల్డెమార్. ఆ శుక్రవారం పొద్దున అతని ఆలోచన చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా సీడీలు పంపేసి, చంకలో ఫ్లాస్కు, చేతిలో 'మాటే' అనే అక్కడి టీ తాగే సొరబుర్ర పట్టుకుని ముర్గా రిహార్సల్‌కి వెళ్ళిపోవాలి.

కార్నివాల్ రోజుల్లో ముఖాలకు రంగులు పూసుకుని వేదికెక్కి, ఊళ్ళో అందర్నీ వెక్కిరిస్తూ పాడే బృందమే ముర్గా. అందులో చోటు కోసం వాల్డెమార్ డైరెక్టర్ ఒరెస్టెస్ వెనక ఏళ్ళ తరబడి తిరిగాడు. ఎట్టకేలకు ఈ ఏడాది దొరికింది. అక్కడ నియమం ఒక్కటే. మొదటి ప్రదర్శన దాకా పాట బయటికి పొక్కకూడదు. పొక్కించినవాడికి జన్మలో మళ్ళీ చోటుండదు. పెళ్ళాలకు కూడా చెప్పేవారు కాదు పాపం.

వాల్డెమార్‌ది పుట్టు బద్ధకం. ఇన్‌స్టాలర్ స్క్రిప్టులో ఒక్కో ఫైలు పేరూ రాయడం ఎందుకని "ఈ ఫోల్డరూ, లోపలున్నవన్నీ కాపీ చెయ్యి" అని ఒకే ఒక్క వరుస రాసిపడేశాడు. బిల్లు కాగానే మోగే గంటదీ అదే తీరు. శబ్దాల ఫోల్డర్‌లో అన్నిటికన్నా కొత్తది ఏదుంటే అది మోగుతుంది. ముందురోజు తీసిన రిహార్సల్ రికార్డింగును, ఆఫీసులో ఎవరి కంటా పడకూడదని, సరిగ్గా ఆ ఫోల్డర్‌లోనే దాచాడు మహానుభావుడు.

వారం తిరక్కుండా టకువారెంబో అనే ఊరి నుంచి నీబియా అనే మందుల షాపావిడ ఫోన్ చేసింది.

"ఏం నాయనా, బిల్లు కొడితే మీ ప్రోగ్రాం పాడుతోందేం?"

"పాడటం కాదమ్మా, అది గంట. సౌండ్ తగ్గించుకోండి."

"గంటకి మీసాలుంటాయా? గుంపుగా మగాళ్ళు పాడుతున్నారు! అదీ మందుల షాపులవాళ్ళని తిడుతూ!"

అది ఏ పాటో వాల్డెమార్‌కి అర్థమైపోయింది. "అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా, తీసేయండి!"

"తీసేయడమా? ఆ పాట కోసం జనం తలనొప్పి బిళ్ళలు ఒక్కొక్కటే కొంటున్నారు. మా మరిదికి కూడా కాపీ ఇచ్చా."

"మీ మరిది ఏం చేస్తుంటారు?"

"రేడియోలో ఉద్యోగం."

షాపులన్నిటికీ పంపడానికి అప్పటికప్పుడు ఇంకో సీడీ తయారుచేశాడు. శబ్దాల ఫోల్డర్‌లోంచి పాట తీసేశాడు. కానీ పారేయడానికి మనసొప్పక, పక్కనే ఇంకో ఫోల్డర్ చేసి, 'ముట్టుకోవద్దు' అని పేరు పెట్టి అందులో వేశాడు. స్క్రిప్టు మాత్రం ఎప్పట్లాగే లోపలున్నవన్నీ కాపీ చేసింది. ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఉండే మందుల షాపు ఉరుగ్వేలో ఒక్కటీ లేదు.

మూడోనాడు ఒరెస్టెస్ నేరుగా ఆఫీసుకే వచ్చేశాడు.

"నా పాట బస్సు డ్రైవరు ఈల వేస్తున్నాడ్రా! రికార్డు చేసింది నువ్వొక్కడివే, ఎవడికి అమ్మావు?"

"ఎవరికీ అమ్మలేదన్నా, ఒట్టు! ఫోల్డరూ, లోపలున్నవన్నీ..."

"నీ ఫోల్డరు మొహం మండ! ఇంకొకడికి నేర్పే టైం లేదు కాబట్టి మొదటి రోజు పాడు. వేదిక దిగగానే నీకూ మాకూ చెల్లు."

వాల్డెమార్ ఆ రాత్రి ఇంటికెళ్ళి భోజనం కూడా చేయలేదు. జీవితంలో అతను కోరుకున్నది ముర్గా బృందం రెండో వరసలో నిలబడే చోటొక్కటే.

మొదటి ప్రదర్శన నాడు పొద్దు వాలుతుండగానే మైదానం నిండిపోయింది. ఎక్కడెక్కడి మందుల షాపులవాళ్ళో తెల్లకోట్లతోనే వచ్చి ముందు కూర్చున్నారు. ఒరెస్టెస్ చెయ్యెత్తాడు. బృందం నోరు తెరిచేలోపే జనం పాట అందుకున్నారు. మొదటి చరణమూ వాళ్ళే, రెండోదీ వాళ్ళే. మూడో చరణం మధ్యలో, మాట తెగిన చోట, మైదానమంతా ఒక్కసారిగా "హాచ్!" అని తుమ్మి మళ్ళీ పాటలో పడింది.

ఒరెస్టెస్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రిహార్సల్ రోజున తనకు పడిశం పట్టి, రికార్డింగులో సరిగ్గా అక్కడే తుమ్మిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది వాల్డెమార్‌కి.

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. జనం అదే పాట మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. వేదిక దిగాక వాల్డెమార్ ఎవరి వైపూ చూడకుండా తన వేషం టోపీ తీసి బల్లమీద పెట్టాడు. ఒరెస్టెస్ ఆ టోపీ తీసి మళ్ళీ అతని నెత్తిన పెట్టాడు.

"రేపట్నుంచి ఆ తుమ్ము నీదేరా. ఒక్క తాళం అటూ ఇటూ అయిందో, చంపేస్తా."

ఆ ఏడాది కార్నివాల్ అయ్యేదాకా వాల్డెమార్‌కి జలుబన్నది చేయలేదు. అయినా ఒక్క రాత్రి కూడా తుమ్ము తప్పలేదు.